రెండు వారాల రంగు

అమెరికాలోని అరోరాలో ఆ శనివారం ఉదయం మంచు సన్నగా పడుతోంది. వంటింట్లో కాఫీ చల్లారిపోతున్నా లీల ఇంకా అద్దం ముందే కూర్చుంది. బొట్టు పెట్టుకోవడం ఇంత కష్టమని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. వేలు దానంతటదే వెళ్ళి రెండు కనుబొమల మధ్య ఆగేది. ఇప్పుడు కనుబొమలే లేవు. నుదుటి మీద తిలకం ఒకరోజు పైకి పోతే, ఇంకోరోజు పక్కకు పోతోంది.

కేన్సర్ మందులకు జుట్టూ, కనుబొమలూ రాలిపోయాయి. మందులు ఆపాక జుట్టు మగపిల్లల క్రాఫులా మొలిచింది గానీ, కనుబొమలు మాత్రం అలిగి కూర్చున్నాయి. పెన్సిల్‌తో గీసుకుంటే మొహం కడిగినప్పుడల్లా నల్లనీళ్ళు కారేవి. కిందటి నెల స్నేహితురాలు వసుమతి ఇంట్లో వ్రతానికి వెళితే, హోమం సెగకు ఒక కనుబొమ కరిగి చెంప మీదికి దిగింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరైనా నవ్వినా బాగుండేది. అందరూ చూపులు తిప్పుకున్నారు. అప్పట్నుంచీ లీల నలుగురిలోకీ వెళ్ళడం మానేసింది.

ఆమె భర్త నరసింహం గుండె డాక్టరు. జబ్బు బయటపడిన మొదటిరోజే, ఇక్కడి పద్ధతి ప్రకారం అంతా రోగికే చెబుతానన్నాడు కేన్సర్ డాక్టరు. "నాకు చెప్పండి, నేను మా భాషలో చెప్పుకుంటాను" అని నరసింహం అడ్డుపడ్డాడు. లీల కూడా హాయిగా తలూపింది. డాక్టరు మొగుడు ఇంట్లో ఉండగా ఇంకొకరి ఇంగ్లీషు వినాల్సిన ఖర్మ ఏమిటని ఆమె ధీమా. ఆ ధీమాయే కొంప ముంచిందని తర్వాత తెలిసింది.

కాలేజీ నుంచి వారాంతానికి వచ్చిన కూతురు విద్య టేబుల్ మీద రంగురంగుల కాగితాలు పరిచింది.

"అమ్మా, ఇలా రా. ఈ క్లినిక్‌లో ఐబ్రోస్ చేస్తారు. టూ టైప్స్. ఒకటి నీడిల్‌తో కలర్ లోపలికి పెడతారు. కొంచెం నొప్పి ఉంటుంది, కానీ త్రీ, ఫోర్ ఇయర్స్ ఉంటుంది. ఇంకోటి పైన కలర్ పూస్తారు, అంతే. నొప్పి లేదు. టూ వీక్స్‌కి పోతుంది, మళ్ళీ వెళ్ళాలి."

"సూదితో అంటే పచ్చబొట్టే కదే! మా నాయనమ్మకి మోచేతి మీద ఉండేది." లీల చాలా రోజుల తర్వాత నవ్వింది. "ఆ నాలుగేళ్ళదే చేయించుకుంటా. నీ చదువు అయ్యేదాకా మళ్ళీ చూసుకోనక్కర్లేదు."

"రెండు వారాలది చాలు," అన్నాడు నరసింహం, మొహానికి అడ్డం పెట్టుకున్న పేపరు దించకుండానే.

"ఎందుకు నాన్నా?"

"సూదులతో ఇన్ఫెక్షన్ వస్తుంది."

"నేను అడిగాను. కీమో ఆపి చాలా మంత్స్ అయింది కదా, ఇట్స్ ఓకే అన్నారు."

"అవసరం లేదన్నానా?"

"ఎవ్రీ టూ వీక్స్ అమ్మని ఎవరు డ్రైవ్ చేస్తారు? నేను కాలేజ్‌లో ఉంటాను. నువ్వు హాస్పిటల్‌లో ఉంటావు!"

"రెండు మూడుసార్లేగా, నేనే తీసుకెళ్తాలే!" అని కసిరాడు నరసింహం.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. లీల కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"రెండు మూడుసార్లేనా? ఆ తర్వాత?"

"అదే... ఈలోగా కనుబొమలు వచ్చేస్తాయి కదా అని..."

"ఏమండీ, ఆ పేపరు తీసి ఇటు చూడండి. నాకు మందులు ఎందుకు ఆపారు?"

"చెప్పాగా. ఇక అవసరం లేదని."

"అవసరం లేకనా, పనిచెయ్యకనా?"

నరసింహం పేపరు దించాడు. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళు చూశాక ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు, అయినా లీల అతని నోటితోనే చెప్పించింది.

"లివర్‌కి పాకింది లీలా. ఎండాకాలంలోనే తెలిసింది. ఇంక ఎక్కువ... ఎక్కువ టైమ్ లేదు."

"నాన్నా! నాకు కూడా చెప్పలేదా?" అంటూ విద్య లేచి నిలబడింది.

"నాకు తగ్గిపోయిందని ఊరంతా చెప్పుకున్నానండీ," అంది లీల. ఆమె గొంతులో ఏడుపు లేదు, మంట ఉంది. "వసుమతి నా చేత స్వీట్లు కూడా పంచిపెట్టించింది. నా చావు సంగతి నాకు డాక్టరు చెప్పలేదు, కట్టుకున్నవాడు చెప్పలేదు. ఈ పాడు కనుబొమల రంగు చెప్పింది!"

"రోజూ చెబుదామనే వచ్చేవాణ్ణి. కార్‌లో ఎలా చెప్పాలో ప్రాక్టీస్ చేసుకునేవాణ్ణి. తలుపు తీసేసరికి నువ్వు గరిటె పట్టుకొచ్చి ఉప్పు చూడమనేదానివి. నోరు వచ్చేది కాదు."

పేషెంట్ల ఇంటివాళ్ళకు చావు కబురు చెప్పడం అతని వృత్తిలో భాగం. సొంత ఇంట్లో మాత్రం ఆ నేర్పు పనికిరాలేదు. వంగిపోయిన అతని భుజాలు చూస్తుంటే లీల కోపం నిలవలేదు. లేచి వెళ్ళి అతని తల పొట్టకు ఆనించుకుంది.

"పిచ్చి మనిషీ, ఇంత బరువు ఒక్కరే మోశారా? చెబితే నేనూ ఒక చెయ్యి వేసేదాన్ని కదండీ!"

ముగ్గురూ చాలాసేపు ఏడ్చారు. చివరికి విద్య కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా, నీకు నొప్పి వద్దు. పైన పూసేదే చేయిద్దాం."

"వద్దు. సూదిదే."

"ఎందుకమ్మా? ఇప్పుడు ఎందుకు?"

"పోయాక స్నానం చేయిస్తారే. పసుపు రాసి, తలంటి. ఇక్కడ ఆ పని వసుమతి ఆంటీ వాళ్ళు చేస్తారో, ఫ్యూనరల్ హోమ్ వాళ్ళే చేస్తారో నాకు తెలీదు. ఎవరు ఎంత కడిగినా పోనిది కావాలి నాకు. మీ నాన్న చివరిసారి చూసేటప్పుడు నా మొహం నా మొహంలా ఉండాలి."

విద్య లేచి క్లినిక్‌కి ఫోను చేసింది. అవతల అమ్మాయి హుషారుగా మాట్లాడి వచ్చే శనివారానికి టైమ్ రాసుకుంది. ఆ తర్వాత ఇంకేదో అడిగింది. విద్య రిసీవర్‌ను చేత్తో మూసి నిలబడిపోయింది.

"ఏమిటే?" అంది లీల.

"త్రీ ఇయర్స్ తర్వాత కలర్ ఫేడ్ అవుతుంది, మళ్ళీ రావాలి, అప్పుడు రిమైండర్ కార్డ్ పంపించమంటారా అని..."

లీల ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

"పంపించమనవే. వద్దంటే ఎందుకని అడుగుతుంది, పాపం ఆ పిల్ల."

"ఎస్, ప్లీజ్," అంది విద్య ఫోనులో. నరసింహం లీల చెయ్యి రెండు చేతులా పట్టుకుని, కూతురు ఉందన్న మొహమాటం కూడా లేకుండా వెక్కి వెక్కి ఏడ్చాడు.