నాలుక కింద

మా జైల్లో మాత్ర ఇవ్వడమంటే చేతిలో పెట్టి వెళ్ళిపోవడం కాదు. ఎదురుగా మింగించాలి. నోరు తెరిపించాలి. నాలుక పైకెత్తించి కుడిపక్క, ఎడమపక్క టార్చి వేసి చూడాలి. కొందరు దాచి పక్కవాళ్ళకి ఇచ్చేస్తారు, కొందరు పోగేసి అన్నీ ఒకేసారి మింగేస్తారు. అందుకే ఈ పద్ధతి. మహిళా బ్యారక్‌కి నర్సుగా నాలుగేళ్ళ నుంచి, సాయంత్రం తాళాలు పడేముందు, రోజూ నేను చేసే పని ఇది.

మా చందన భీమవరంలో మా అత్తయ్య దగ్గర పెరుగుతోంది. ఐదేళ్ళు. మా ఆయనది ఓడ మీద ఉద్యోగం. నా షిఫ్టులతో విశాఖలో పిల్లని ఒక్కదాన్నే చూసుకోలేక అక్కడ ఉంచాను. నీళ్ళు కాచి ఇచ్చారా, గోళ్ళు తీశారా, సిరప్ ఎంత పోశారు... నా పెంపకం అంతా ఫోన్లోనే. జైలు లోపలికి ఫోను తేకూడదు, గేటు దగ్గర లాకర్లో పెట్టి రావాలి. డ్యూటీ దిగి వీడియో కాల్ చేస్తే చందన ఒక్కసారి మొహం చూపించి, "బొమ్మలు చూస్తున్నానమ్మా" అని పరుగెత్తేది. తర్వాత తెర మీద ఖాళీ గోడ.

అలాంటి రోజుల్లో గంగాలమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు మనిషి, చేపలమ్ముకునేది. ఎవరిదో గంజాయి సంచి మోసిందని కేసు. ఆరేళ్ళలోపు పిల్లలు తల్లి దగ్గరే ఉండొచ్చు కాబట్టి కూతురు ఆశ కూడా లోపలే ఉండేది. మా చందన వయసే.

ఆ పిల్ల తల్లిని వదిలేది కాదు. తల్లి చేత్తో పెడితేనే తినేది, తల్లి పొట్ట మీదే పడుకునేది. చందన కోసం పూర్ణా మార్కెట్లో కొన్న రిబ్బన్లు నెలలుగా నా బ్యాగులోనే ఉన్నాయి. గంగాలమ్మ తన ఆకుపచ్చ చీర అంచు చింపి కూతురి జడకి కట్టేది. కటకటాల వెనక ఉన్న మనిషికి ఉన్నది, రోజూ గేటు దాటి వెళ్ళే నాకు లేదు.

"మీకు పిల్లల్నేరా సిస్టరమ్మా?" అంది ఒకరోజు.

"పాప ఉంది."

"ఏ ఊర్లో?"

చెప్పలేదు. ఖైదీలకి ఇంటి జాడ చెప్పకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు మాకు నేర్పే మొదటి పాఠం అదే.

తర్వాత గంగాలమ్మకి దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. టీబీ ఏమోనని కఫం పరీక్షకి పంపాం. రిపోర్టు వచ్చాక చూద్దామన్నారు డాక్టరు గారు. నేను ఊరుకోలేదు. పిల్లకి అంటుకుంటే ఎవరిది బాధ్యత సార్ అని పదిసార్లు అడిగి, వేరు చెయ్యాలని ఆయన చేత రాయించాను. నేను అన్న మాటలో తప్పు లేదు. అనేటప్పుడు నా మనసులో ఉన్నది మాత్రం జాగ్రత్త కాదు. మర్నాడు ఆశని తగరపువలస వైపు ఏదో పిల్లల హోముకి తీసుకెళ్ళారు. ఆ అరుపులు గేటు దాకా వినిపించాయి.

రిపోర్టులో టీబీ లేదు. జబ్బు గుండెది. పిల్లని వెనక్కి తేవచ్చని నేనొక చీటీ రాసి డాక్టరు ముందు పెడితే చాలు. రేపు రాద్దాం అనుకున్నాను. మూడు వారాలు అలాగే అనుకున్నాను.

"నా బిడ్డని తెచ్చేదాకా మాత్ర మింగను," అంది గంగాలమ్మ మొదటిరోజు. రెండోరోజు నుంచి మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నోరు తెరిచేది. ఆ మొహం దగ్గరగా చూడలేక నేను టార్చి వెయ్యలేదు. మింగిందని టిక్కు పెట్టి పక్క మంచానికి వెళ్ళిపోయేదాన్ని.

ఆమె ప్రాణం పోయాక కొంగు ముడి విప్పితే ఇరవై ఒక్క గుండె మాత్రలు బయటపడ్డాయి. తడిసి, ఆరి, సగం కరిగి.

అది జరిగిన మూడో రోజు సంగతి ఇది. పొద్దుటి నుంచీ వాన. చందనకి జ్వరమని పొద్దున్నే అత్తయ్య చెప్పింది. సాయంత్రం ట్రేలో ఎనిమిది మాత్రల గ్లాసులు పెట్టుకుని జబ్బు మనుషుల గదిలోకి వెళ్ళేసరికి కరెంటు పోయింది. తడి దుప్పట్ల వాసన. ఫినాయిల్. టార్చి వెలుతురులో ఒక్కొక్క నోరూ చూసుకుంటూ చివరికి ముసలి పోతమ్మ దగ్గరికి వచ్చాను.

"పళ్ళే నేవు, ఎక్కడ దాత్తానమ్మా," అని నవ్వింది. చుట్టూ అందరూ నవ్వారు.

అంతలో టార్చి కూడా ఆరిపోయింది. కరెంటు వచ్చేదాకా ఆగుదామని పక్కనున్న మంచం అంచు మీద కూర్చున్నాను. నవ్వులు తగ్గాయి. ఎక్కడో రేకు మీద చినుకులు. మనసంతా భీమవరంలో ఉంది.

"పాపకి ఒంట్లో బాగుందా సిస్టరమ్మా?" చెవి పక్కన గుసగుస.

పోతమ్మే అనుకున్నాను. "జ్వరం," అన్నాను.

"అయ్యో. ఏ ఊర్లో ఉంది?"

"భీమవరంలో. నాన్నమ్మ దగ్గర."

నోరు జారిందని తెలిసింది. ఆ చీకట్లో ఎవరో నా బిడ్డ గురించి అడిగారు, అంతే.

"అలాగా," అంది ఆ గొంతు. గొంతు వెనక ఆయాసం... పిల్లికూతలా సన్నగా. ఎండుచేపల వాసన. దానితో కలిసి చేదు మాత్ర వాసన...

అటుపక్క తన మంచం మీంచి పోతమ్మ పిలిచింది. "సిస్టరమ్మా... ఎవుర్తో మాటాడతన్నారు?"

టార్చిని అరచేతికేసి కొట్టాను. వెలిగింది.

నేను కూర్చున్నది గంగాలమ్మ మంచం మీద. పరుపు చుట్టేసి ఉంది. ఎవరూ లేరు. నా పక్కన ఇనపపట్టీలు మాత్రం చిన్నగా ఊగుతున్నాయి... ఎవరో అప్పుడే లేచి వెళ్ళినట్టు.

మూడు తలుపులు. మూడు తాళాలు. గేటు దగ్గర తనిఖీ. లాకరు తాళం చెవి రెండుసార్లు కింద పడింది. వానలో నిలబడే వీడియో కాల్ చేశాను.

మొదటి రింగుకే ఎత్తింది చందన. ఎప్పుడూ అలా ఎత్తదు.

"జ్వరం తగ్గిందా తల్లీ?"

తలూపింది. పరుగెత్తలేదు. జడకి ఆకుపచ్చ గుడ్డపీలిక కట్టి ఉంది. దూరంగా వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినిపిస్తోంది. "ఇందాకట్నుంచీ ఎవరితో కబుర్లే?"

"చందూ... సిరప్ తాగావా?"

దానికి మాత్ర మింగడం రాదు. ఆ ఇంట్లో మాత్రలు ఉంచరు కూడా.

నా కూతురు కెమెరా దగ్గరికి జరిగి, నేను అడగకుండానే నోరు పెద్దగా తెరిచింది. నాలుక కుడివైపు తిప్పింది. ఎడమవైపు తిప్పింది. మెల్లిగా పైకెత్తింది.

నాలుక కింద తెల్లటి మాత్ర... సగం కరిగి.

"ఉమ్మెయ్ తల్లీ. ఉమ్మెయ్."

నోరు మూసుకుంది. పక్కన ఎవరో ఉన్నట్టు ఒకసారి పైకి చూసి, మళ్ళీ నావైపు తిరిగింది.

"ఆశని తెచ్చేదాకా ఉమ్మకూడదంట, మింగకూడదంట."