మూడో వార్డు నిశ్శబ్దం

ఎడిటింగ్ గదికి కిటికీ ఉండదు. లోపల కూర్చున్నవాళ్ళకి బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో తెలిస్తే పని సాగదని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, వాడికి ఇల్లూ వాకిలీ ఉండి ఉండవు. నల్లటి స్పాంజి అంటించిన గోడలు, రెండు తెరలు, ఒక చెయ్యి ఊడిపోయిన కుర్చీ, ఏసీ కింద ఎప్పుడూ ఉండే ముక్కవాసన, నిన్నటి టీ కప్పు. మూడు నెలలుగా ఆ ఎడిటరమ్మ కాపురం అక్కడే. మొన్నామధ్య బళ్ళో అమ్మ బొమ్మ గీయమంటే ఆమె కూతురు కుర్చీ గీసి, జుట్టు గీసి, ఎదురుగా తెర గీసి ఇచ్చిందట. అమ్మని వెనక నుంచి గీసిందన్నమాట. టీచరమ్మ ఫోన్ చేసి మరీ నవ్వింది. ఈమెకి మాత్రం నవ్వు రాలేదు.

చేస్తున్నది డాక్యుమెంటరీ. కొన్నేళ్ళ కిందట అంటురోగం వచ్చినప్పుడు, ఆసుపత్రిలో పోతున్నవాళ్ళ దగ్గరికి ఇంట్లోవాళ్ళని రానివ్వలేదు. అది సబబా, కాదా? ఊరంతా రెండుగా చీలి ఇప్పటికీ కొట్టుకు చస్తున్న గొడవ అది. రానిచ్చి ఉంటే ఇంకెంతమందికి అంటుకునేదో అని ఒక పక్షం. కడసారి చూపు కూడా దక్కనివ్వనివాళ్ళు మనుషులేనా అని ఇంకో పక్షం. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళదే నిజమనిపించేది ఆమెకి. అదే ఏడుపు, అదే కోపం, ముందుకీ వెనక్కీ తిప్పి తిప్పి విని మనసు మొద్దుబారిపోయింది. తండ్రిని తలుచుకుని ఒక మగాడు వెక్కి వెక్కి ఏడుస్తుంటే, "అబ్బా, ఇక్కడ ఫోకస్ పోయిందే" అనుకుంది ఓసారి. ఛీ, ఏం బతుకు నాది, అని తనే సిగ్గుపడి, మళ్ళీ పనిలో పడింది.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ గదిలో షూటింగ్ చేసినా, అయిపోయాక సౌండ్ రికార్డ్ చేసేవాడు "అందరూ కదలకండి" అంటాడు. అంతా ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడతారు. దగ్గు వచ్చినా మింగేస్తారు. అప్పుడు ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేస్తాడు. ఖాళీ గది కదా, ఏముంటుంది అనుకుంటాం గానీ, ప్రతి గదికీ దాని సొంత నిశ్శబ్దం ఒకటి ఉంటుంది. మాటల మధ్య కత్తిరించినచోట ఆ గది నిశ్శబ్దమే తెచ్చి పరుస్తారు, చిరిగిన చీరకి అదే చీర ముక్కతో మాసిక వేసినట్టు.

ఆ సౌండ్ కుర్రాణ్ణి టీమంతా 'చెవులు' అని పిలుస్తారు. చీమ తుమ్మినా వినపడుతుందని వాడి గొప్ప. ఇప్పుడు మూసేసిన ఆ పాత ఆసుపత్రిలో, అప్పట్లో రోగులు పోయిన మూడో వార్డు నిశ్శబ్దం రికార్డ్ చేసుకొచ్చిన రోజు వాడి మొహం వెలిగిపోయింది.

"కరెంటు లేదు, ఫ్యాను లేదు, బయట ఒక్క కాకి కూడా అరవలేదక్కా. ఇంత శుభ్రమైన నిశ్శబ్దం నా జన్మలో దొరకలేదు" అన్నాడు. గొంతు తగ్గించి, "రికార్డింగ్ అయ్యాక మాత్రం ఎందుకో అందరం పరుగో పరుగు. ఎవరు ముందు పరిగెత్తారో కూడా తెలీదు" అన్నాడు.

మనుషుల్ని మాట్లాడించిన ఇళ్ళలో తీసిన నిశ్శబ్దాలన్నీ పాడైపోయాయి. ఒకచోట పక్కింటి మిక్సీ, ఒకచోట కుక్క, ఒకచోట కిరకిరలాడే ఫ్యాను. విసుగెత్తిపోయి ఆమె ఒక పని చేసింది. అందరి మాటల కిందా, అన్ని ఇళ్ళలోనూ, మూడో వార్డు నిశ్శబ్దాన్నే పరిచేసింది.

చెవులుకి తెలిసి ఫోన్లో మొత్తుకున్నాడు. "అక్కా, ఏ గదిది ఆ గదికే వెయ్యాలి. తప్పక్కా."

"వినేవాడెవడు నాయనా, నువ్వు తప్ప" అని పెట్టేసింది.

ఆ రోజు సాయంత్రానికి సినిమా చానల్‌కి వెళ్ళిపోవాలి. మర్నాడు ప్రసారం. మధ్యాహ్నం డైరెక్టరు వచ్చాడు. ఆమెకన్నా చిన్నవాడు. నిద్రలేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. నిలబడే తెర వంక చూశాడు. తెర మీద మూడో వార్డులో అప్పట్లో పనిచేసిన నర్సు, ఇప్పుడు రిటైరైన పెద్దావిడ. అందరూ సిస్టర్ అనే అంటారు. ఇంట్లోవాళ్ళని ఆపింది ఆవిడేనని సగం ఊరు ఇప్పటికీ ఆవిడ గుమ్మంలో ఉమ్మేసి పోతుంది.

'చివర్లో మావాళ్ళని పిలవండి అని అడిగారా ఎవరైనా?' అని షూటింగులో డైరెక్టరు ప్రశ్న.

'అందరూ అడిగారు' అని ఆవిడ జవాబు. వెంటనే. తల దించకుండా.

"టక్కున చెప్పేస్తోందక్కా. పట్టు లేదు అక్కడ" అన్నాడు డైరెక్టరు.

"ఆవిడ టక్కునే చెప్పింది మరి."

"కాస్త ఆగి చెబితే బావుండేది."

"ఆగలేదుగా."

"మనం ఆపుదాం."

ఆమె కుర్చీలో వెనక్కి తిరిగింది. "అలా చేస్తే ఆవిడ ఏదో దాచిపెట్టి, తప్పక ఒప్పుకున్నట్టుంటుంది. ఆ ఊళ్ళో ఆవిణ్ణి బతకనిస్తారా?"

"ఒక్క మాటైనా మారుస్తున్నామా? మధ్యలో కాస్త నిశ్శబ్దం పెడుతున్నాం, అంతేగా. ఇదొక్కటీ చేస్తే అయిపోయినట్టేనక్కా."

అయిపోయినట్టే. ఆ మాట ఎంత చల్లగా తగిలిందో ఆమెకే తెలుసు. ఇంటికెళ్ళి, స్నానం చేసి, చిన్నదాన్ని పక్కలో వేసుకుని పడుకోవడం కళ్ళ ముందు మెదిలింది.

"సర్లే" అంది. డైరెక్టరు బతికించావక్కా అంటూ వెళ్ళిపోయాడు.

పని మొదలుపెట్టబోతే చెయ్యి రాలేదు. ఆ నర్సు షూటింగ్ మొదలుకాకముందే కెమెరాలోకి చూస్తూ అన్న మాటలు ఆమె దగ్గర ఉన్నాయి. సినిమాలో లేవు, ఎడిటరు ఒక్కతే విన్న మాటలవి. 'దీన్ని కత్తిరించేది ఎవరో నాకు తెలీదు. అమ్మాయో, అబ్బాయో. తిడితే తిట్టండి, మాట మాత్రం మార్చకండి నాన్నా' అంది. ఇంకోటి కూడా అంది. 'మావాళ్ళొచ్చారా అని అడిగేవాళ్ళు. చెయ్యి పట్టుకుని ఊరుకునేదాన్ని. వచ్చారు అని మాత్రం ఒక్కనాడూ అనలేదు. అంటే, ఏరీ చూపించు అంటారు. ఎవర్ని తెచ్చి చూపించను?'

"నన్ను క్షమించు తల్లీ" అని పైకే అనేసి, పని కానిచ్చింది. మైకు సర్దుకుంటూ ఆవిడ తల దించుకున్న ముక్క ఒకటుంటే ప్రశ్నకీ జవాబుకీ మధ్య అతికించింది. కింద మూడో వార్డు నిశ్శబ్దం వేసింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆడించింది.

'అడిగారా ఎవరైనా?'

నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమంటే నెత్తిమీద ఏసీ రొద కూడా వినపడలేదు.

అందులో ఎవరో ఊపిరి పీల్చారు.

తన ఊపిరేమోనని బిగబట్టింది. మళ్ళీ ఆడించింది. ఊపిరి ఉంది. మెల్లగా, తడితడిగా, లోపలికి... బయటికి. చప్పుడుని కొలిచే పచ్చగీత మాత్రం కదల్లేదు. చప్పుడు లేదంటోంది గీత.

మళ్ళీ ఆడించింది. ఈసారి ఆ విరామం ఇందాకటికన్నా పొడుగ్గా ఉంది. తను పెట్టింది ఇంత కాదే... కత్తిరించింది. ఆడించింది. ఇంకా పొడుగైంది. తెర మీద సిస్టర్ తల దించుకునే ఉంది. గదిలో ముక్కవాసన పోయి ఆసుపత్రి ఫినాయిల్ వాసన వేసింది. ఆ కింద ఇంకేదో తియ్యటి కుళ్ళు వాసన.

"మావాళ్ళొచ్చారా?"

గుసగుస. ముసలి గొంతు. ఆడో మగో తెలీదు. భయపెట్టే గొంతు కాదు... అదే ఘోరం. ఎవర్నో ఇబ్బంది పెడుతున్నానేమో అన్నంత మర్యాదగా అడిగింది.

"మావాళ్ళొచ్చారామ్మా?"

మూడు నెలలుగా ఎంతమంది ఏడుపు విన్నదో, ఒక్కరికీ ఒక్క మాట జవాబు చెప్పే వీల్లేని ఉద్యోగం. ఆ అలసటో, ఆ జాలో, నోరు జారింది.

"వచ్చారు... వచ్చారండీ. మీరు పడుకోండి."

అనేశాక సిస్టర్ అన్నది గుర్తొచ్చింది.

ఊపిరి ఆగింది.

"ఏరీ?"

ఆమె ఏ మీటా నొక్కలేదు. తెర మీద దానంతటదే సిస్టర్ మొహం పోయి, తండ్రిని పోగొట్టుకున్న మగాడు వచ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ మాట మధ్యలో ఆగిపోయాడు. కెమెరా పక్కకి చూశాడు. ఎవరో దగ్గరికొచ్చి మొహం చూస్తుంటే బిగుసుకుపోయినట్టు... కదలకుండా...

"వీడు కాదు."

భర్త పోయినావిడ వచ్చింది. ఆవిడా ఆగిపోయింది.

"ఈవిడ కాదు."

ఒకరి తర్వాత ఒకరు. అందరి కిందా తనే పరిచిన నిశ్శబ్దం. ఇంటింటికీ తనే దారి వేసి పెట్టింది. కాదు... వీళ్ళు కాదు... అక్కాచెల్లెళ్ళిద్దరూ కాదు... గొంతులో మర్యాద పోతోంది. తొందర పెరుగుతోంది. అందరూ అయిపోయారు. తెర నల్లగా మారింది. ఆ నలుపులో ఆమె మొహం ఒక్కటే కనపడింది.

హెడ్‌ఫోన్ లాగి పారేసింది.

"నీకెవరున్నారమ్మా?" అంది గొంతు, చెవి పక్కనే.

వైరు ఎలా పీకిందో తెలీదు. గదంతా చీకటి. తలుపు తోసుకుని బయటపడితే నడవలో మామూలు మధ్యాహ్నం. ఎండ, ఎక్కడో ఫోన్ మోత, మెట్ల మీద నవ్వులు. గోడకి ఆనుకుని అలాగే జారి కూర్చుంది.

పారిపోతే బావుండేది. కానీ సినిమా అలాగే వెళ్ళిపోతే? ఆ నర్సు గుమ్మం గుర్తొచ్చింది. లేచి, తలుపు బార్లా తెరిచిపెట్టి, నడవలోని బల్ల అడ్డం పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. సిస్టర్ జవాబు ముందు పెట్టిన విరామం తీసేసింది. మూడో వార్డు నిశ్శబ్దాన్ని అన్నిచోట్లా పీకేసింది. ఎవరింటి మిక్సీ వాళ్ళకి, ఎవరి కుక్క వాళ్ళకి, ఎవరి ఫ్యాను వాళ్ళకి తిరిగి ఇచ్చేసింది. ఆ కిరకిర వింటుంటే ప్రాణం లేచొచ్చింది. ఒకసారి మొత్తం చూసి పంపేసింది. డైరెక్టరు ఫోన్ చేసి నానా మాటలూ అన్నాడు. ఊ అంది, ఊ అంది, పెట్టేసింది. చీకటి పడకముందే ఇంటికొచ్చి, చిన్నదాన్ని కావిలించుకుని మొద్దునిద్ర పోయింది.

మర్నాడు టీవీలో వచ్చింది. కూతురు పక్కనే కూర్చుని బొమ్మలకి రంగులు వేసుకుంటోంది. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఈమె ముందుకి జరిగి కూర్చుంది.

'అందరూ అడిగారు' అంది సిస్టర్. వెంటనే. తల దించకుండా.

అమ్మయ్య అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సినిమా అయిపోయిన కాసేపటికి ఫోన్. ఆ నర్సే. డైరెక్టర్ని అడిగి నంబర్ తీసుకుందట.

"మాట మార్చలేదు. అలాగే ఉంచావు. నీ కడుపు చల్లగుండ తల్లీ."

"మీరు చెప్పిందేగా సిస్టర్..."

"ఒక్కటి అడగనా? ఏమీ అనుకోకు." గొంతు తగ్గించింది. "నిన్న మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో వినపడట్లేదు."

"ఏం వినపడట్లేదండీ?"

"అడగడం. ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నారమ్మా, మావాళ్ళొచ్చారా అని. వార్డులో చెయ్యి పట్టుకుని ఊరుకున్నట్టే ఇక్కడా ఊరుకునేదాన్ని. అలాగే నా దగ్గర ఉండిపోయారు పాపం. నిన్నటి నుంచి ఇల్లంతా ఖాళీ. ఎవరైనా... వచ్చారని చెప్పారా వాళ్ళకి?"

ఆమె ఫోన్ పెట్టేసింది. ఏదో ఒక మాట, ఇంట్లో మాట, మామూలు మాట మాట్లాడాలనిపించింది.

"అన్నం పెట్టనా చిన్నీ?"

ఫ్యాను తిరుగుతూనే ఉంది గానీ, చప్పుడు ఆగింది. టీవీలో పెదవులు ఆడుతున్నాయి, మాట లేదు. వీధి లేదు. పక్కింటి కుళాయి లేదు. శుభ్రమైన నిశ్శబ్దం. కూతురు తలెత్తి చూసింది... అమ్మ వంక కాదు, అమ్మ భుజం పక్కకి. కదలకుండా. దగ్గర్నుంచి ఎవరో తేరిపార చూస్తున్నట్టు... ఫినాయిల్ వాసన...

తర్వాత అన్నీ ఒక్కసారిగా వినపడ్డాయి.

"పెట్టు" అంది చిన్నది.

"ఎందుకే... ఎందుకు ఆగావు?"

"ఆగలేదే. వెంటనే చెప్పాగా." రంగు పెన్సిల్ కింద పెట్టింది. "నువ్వే మధ్యలో ఏదో అన్నావు. ముసలి గొంతు పెట్టి."

"నేనా? ఏమన్నాను?"

చెప్పడానికి చిన్నది నోరు తెరిచింది.

ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.