నడుము దాకా పట్టు

నేపుల్స్‌లో ఆ పాత ఒపెరా హాలుకి వెళ్ళేవాళ్ళు ఎంత ధైర్యవంతులైనా సరే, మూడో అంతస్తులో పదిహేడో నంబరు బాక్సు తలుపు దగ్గరికి వచ్చేసరికి దిష్టి తగలకుండా మెడలో వేసుకున్న పగడపు కొమ్ముని తడుముకుని గబగబా నడిచేవాళ్ళట. లోపల ఒక దొరసాని కూర్చుని ఉంటుందట. తెల్లటి మొహం, ముత్యాలు, విసనకర్ర... అన్నీ నడుము దాకానే. ఆ కింద ఏమీ లేదట! ఆమె లోపలికి వెళ్ళడం గానీ, బయటికి రావడం గానీ చూసినవాళ్ళు లేరు.

ఎర్మెలిందాకి దాని పక్క పదహారో నంబరు బాక్సే దొరికింది.

ఎర్మెలిందాకి పంతొమ్మిదేళ్ళు. ఒపెరా అంటే వెన్నెల దిగివచ్చి దీపాల మధ్య కూర్చుని పాడుతుందనుకునే పిల్ల. ఆ రాత్రి ఎదుటి వరసలోంచి దోన్నా ఫిలిప్పా తన కొడుక్కోసం ఈ పిల్లని దుర్భిణిలో చూస్తుంది. నచ్చితే పెళ్ళి. నచ్చకపోతే మఠంలో కన్యాస్త్రీ. మేనత్త కార్మోసినా తేల్చి చెప్పేసిన మాట అది.

అలంకారం మధ్యాహ్నమే మొదలైంది. ముగ్గురు అక్కలు తొడుక్కుని విడిచిన పాలపిట్ట రంగు పట్టు గౌను. ఉతికితే చిరుగుతుందని ఎన్నడూ ఉతకలేదు. చంకల్లో వాళ్ళ చెమట పచ్చగా అట్టకట్టి ఉంది. మెడ దగ్గర ఎవరిదో పాత పౌడరు మురికితో కలిసి ముద్దయింది. చేతి తొడుగులోకి వేళ్ళు దూర్చగానే జిడ్డు తగిలింది... ఆపైన ఏదో గుచ్చుకుంది. ఎవరిదో గోరు ముక్క!

"మూతి ముడవకు. ఆవిడ ముక్కు నీ దాకా రాదు, కళ్ళే వస్తాయి," అంది అత్త. ఆ నోట్లోంచి వెల్లుల్లి కంపు.

గౌను కింది సగాన్ని ఎలుకలు ఎప్పుడో కొట్టేశాయి. అందుకని నడుము కింద, బండివాడు గుర్రం మీద కప్పే గొంగళి చుట్టింది అత్త. దానికింకా గుర్రం వెంట్రుకలున్నాయి, ఎండిన పేడ ఉంది.

"బాక్సులో కూర్చుంటే పిట్టగోడ మీదుగా నడుము పైనే కదే కనిపించేది! ఊళ్ళో సగం మందిది ఇదే వేషం. ఒక్కటి గుర్తుపెట్టుకో — దీపాలు ఆర్పేదాకా లేవకు. పైకప్పు కూలినా లేవకు."

పొడుగాటి ముసుగు కప్పుకుని అందరికంటే ముందే వెళ్ళి కూర్చున్నారు. పాట మొదలైంది. ఎదుట దోన్నా ఫిలిప్పా దుర్భిణి ఎత్తింది. ఎర్మెలిందా నవ్వింది.

అప్పుడొచ్చింది ఆ వాసన.

పక్క చెక్క గోడ సందులోంచి... తియ్యతియ్యగా... కుళ్ళిన మాంసంలా. పదిహేడో నంబరులో ఏదో కదిలింది. తడిగుడ్డని నేల మీద ఈడ్చినట్టు — మెల్లగా... మళ్ళీ ఒకసారి...

"అత్తా... పక్కన ఎవరో—"

"నవ్వు."

చెక్క చీలికలోంచి గుసగుస. "పిల్లా..."

ఎర్మెలిందా ఎదుటి దుర్భిణి వైపే చూస్తూ ఉండిపోయింది.

"పిల్లా... నీది కూడా నడుము దాకేనా?"

వద్దు వద్దనుకుంటూనే చీలికకి కన్ను ఆనించింది. గోడ సున్నంలా పెళ్ళలు రేగిన పౌడరు మొహం. పెచ్చులూడిన ముత్యాలు. ఆ కింద... ఏమీ లేకపోవడం కాదు. ఉంది! గోనెపట్టాల్లో దుంగల్లా ఉబ్బిన రెండు కాళ్ళు. కట్లు తడిసి చీము కారుతోంది. దాని మీద ఒక ఈగ తీరిగ్గా నడుస్తోంది.

"దెయ్యాన్ని కాదులేవే," అంది ఆ ముసలామె. "దీపాలు వెలిగించకముందు కాపలావాడు మోసుకొచ్చి పెడతాడు. ఆర్పాక మోసుకుపోతాడు. నన్నూ ఇలాగే కూర్చోబెట్టారు, పెళ్ళికొడుకు తల్లి చూస్తుందని. ఆవిడ ఇంకా ఏమీ చెప్పలేదు... నలభై ఏళ్ళయింది. లేవకంది మా అత్త. నేను లేవలేదు."

చీలికలోంచి ఒక వేలు పాకుతూ వచ్చింది. కొసన చక్కెర పూసిన బాదంపప్పు — పెళ్ళిళ్ళలో పంచేది — నల్లబడి, జిగటగా, ఒక నెరిసిన వెంట్రుక అంటుకుని...

"తిను తల్లీ. ఇంకా చాలాకాలం కూర్చోవాలిగా నువ్వు."

ఎర్మెలిందా చటుక్కున మొహం వెనక్కి లాక్కుంది. సరిగ్గా అప్పుడే ఎదుట దుర్భిణి దిగింది. దోన్నా ఫిలిప్పా నిండుగా నవ్వి, తల ఊపింది.

"నచ్చావే!" అత్త ఆమె చెయ్యి నలిపేసింది. ఆ తొడుగులో గోరు ముక్క మళ్ళీ గుచ్చుకుంది.

ఎర్మెలిందా లేచింది.

"కూర్చోవే! నీ కాళ్ళు పట్టుకుంటా, కూర్చో—"

ఉత్తినే లేవడం కాదు. కుర్చీ ఎక్కి మరీ నిలబడింది! అన్ని దీపాల వెలుగులో, అన్ని కళ్ళ ముందు, పేడ గొంగళితో సహా. పాడేవాడు పాట మధ్యలో నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆమె తొడుగులు ఊడబెరికి కిందికి విసిరేసి, తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. ఎటు వెళ్ళిందో ఆ ఊళ్ళో ఎవరికీ తెలీదు.

ఇప్పుడు అక్కడ జనం పగడపు కొమ్ముని తడుముకునేది పదిహేడు దగ్గర ఒక్కచోటే కాదు. పదహారు దగ్గర కూడానట. దాన్లో ఉన్నది ఇంకా భయంకరమైనదని చెబుతారు... కళ్ళారా చూశామని ఒట్లు వేస్తారు...

నడుము పైన దొరసాని — కింద గుర్రం!