చెడిపోని కంప్యూటర్

“దీన్ని మీరు వాడుతున్నారా, పెంచుతున్నారా?”

కంప్యూటర్ డబ్బా పక్కమూత ఊడదీసి, లోపలికి టార్చి వేసి చూసి, మెకానిక్ అడిగిన మొదటి మాట అది. లోపల ఫ్యాను చుట్టూ ఎర్రదారం, పచ్చదారం, పసుపుదారం చుట్టుకుని అచ్చంగా గూడులా ఉంది.

“బాగుచెయ్యమని పిలిచాం. వెక్కిరించమని కాదు,” అంది పిచ్చుక. ఆమె అసలు పేరు సర్టిఫికెట్లకే పరిమితం. చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన ఆ పేరే ఇంట్లో ఖాయమైపోయింది.

“వెక్కిరించట్లేదండీ. గుడ్లేమైనా ఉన్నాయేమో చూసుకుని చెయ్యి పెడదామని.”

వంటింట్లోంచి వదిన ఫక్కున నవ్వింది. పిచ్చుకకు ఒళ్లు మండిపోయింది. రెండో నిమిషంలో తనకూ నవ్వొచ్చింది. అది దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగి, లేని వానను చూసింది.

ఎంబ్రాయిడరీ డిజైన్లు గీయడం పిచ్చుక ఉద్యోగం. కంపెనీ ఒక పువ్వు బొమ్మ పంపిస్తే, మెషిన్ సూది ఎక్కడ దిగాలో, ఎక్కడ లేవాలో, ఏ రేకు ముందు కుట్టాలో కంప్యూటర్లో ఒక్కొక్క కుట్టూ గీసి పంపాలి. పంపేముందు బల్ల పక్కనున్న చిన్న మెషిన్ మీద తనే కుట్టి చూసుకుంటుంది. ఆ దారం ముక్కలన్నిటినీ కంప్యూటర్ ఫ్యాను లోపలికి లాగేసుకునేది. ఫ్యాను ఆగేది, డబ్బా వేడెక్కేది, సగం రేకు మీద తెర నల్లబడిపోయేది.

మెకానిక్ వచ్చేవాడు. చిన్న పట్టకారుతో ఒక్కో దారం తెగకుండా లాగేవాడు, పసిపిల్ల జడ చిక్కు తీస్తున్నట్టు. పిచ్చుక పక్కన టార్చి పట్టుకుని నిలబడేది. ఆరిపోయిన ఆ నల్లతెర మీద ఇద్దరి మొహాలూ పక్కపక్కనే కనిపించేవి. అతను తలెత్తి తెరలో చూస్తే ఆమె చూపు దించేసేది. ఆమె చూస్తే అతనికి హఠాత్తుగా ఏదో స్క్రూ గుర్తొచ్చేది. కంప్యూటర్ వెలిగిందంటే చాలు, ఇద్దరూ మాయమై, తెర మీద పనికిమాలిన పువ్వు ప్రత్యక్షమయ్యేది.

అలా ఎన్నిసార్లు చెడిపోయిందో లెక్కలేదు. చెడిపోయినన్నాళ్లూ బాగానే ఉంది.

అసలు చిక్కు కంపెనీ మేనేజరమ్మ ఫోనుతో వచ్చింది. “అమ్మాయ్, పెద్ద ఆర్డరు వస్తోంది. మధ్యలో మీ కంప్యూటర్ పడకేస్తే ఈసారి నేను ఊరుకున్నా పైవాళ్లు ఊరుకోరు. ఏదో ఒకటి తేల్చుకో.”

ఆ సాయంత్రమే అన్నయ్య తేల్చేశాడు. “ఈ డబ్బా రకం ఇక వద్దు. పలకలా ఉంటుంది చూడు, అన్నీ తెర వెనకాలే అతికించేసిన రకం, అది తెస్తాను.”

“నా సాఫ్ట్‌వేర్ అందులో నడవదన్నయ్యా.”

“మీ కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నాను. నడుస్తుందట.”

“నా చేతికి అలవాటవదు.”

“వారంలో అదే అలవాటవుతుంది.”

“పాత డిజైన్లన్నీ పోతాయేమో!”

“ఏమే,” అన్నాడు అన్నయ్య అనుమానంగా, “కొంటానంటే ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నాను. పోనీ ఆ మెకానిక్‌నే అడుగు. అతను పాతరకమే మేలంటే అదే కొంటాను, సరేనా?”

పిచ్చుక ప్రాణం లేచొచ్చింది. అతనే కదా కొత్త డబ్బాలు కూర్చి ఇచ్చేది! వద్దని ఎందుకంటాడు?

మర్నాడు అతను వచ్చేసరికి కుండపోత వాన. పనిముట్ల సంచీని చొక్కా లోపల దాచుకుని వచ్చాడు. సంచీ పొడిగా ఉంది, మనిషి తడిసి ముద్దయ్యాడు. వదిన తువ్వాలు తెచ్చిచ్చి, ‘నాకు లోపల బోలెడు పనుంది’ అని అవసరం లేకపోయినా గట్టిగా ప్రకటించి వెళ్లిపోయింది.

పిచ్చుక అడిగింది. అడిగి, ఊపిరి బిగబట్టింది.

అతను తువ్వాలుతో తల తుడుచుకున్నాడు. డబ్బాను చూశాడు, కుట్టుమెషిన్‌ను చూశాడు, నేలమీది దారాలను చూశాడు.

“మారిపోండి,” అన్నాడు.

“ఏమిటీ?”

“ఆ పలక రకంలో ఫ్యానే ఉండదండీ. దారం లాక్కోదు, వేడెక్కి ఆగిపోదు. నేను ఎంత మంచి డబ్బా చేసిచ్చినా మీ గదిలో మళ్లీ ఇదే గొడవ. మీ పనికి అదే సరైనది.”

“అది చెడిపోతే మీరు బాగుచేస్తారుగా?”

“దాని స్క్రూలు కూడా బయటికి కనపడవు. జిగురేసి మూసేస్తారు. కంపెనీకే పంపాలి. నా చేతిలో పని కాదు.” తువ్వాలు మడతపెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టాడు. “ఇక మీకు నా బెడద తప్పుతుంది.”

ఉండమంటుందేమోనని అతను ఎదురుచూశాడు. ఇక్కడికి రావడం అతనికే బెడదగా ఉందేమోనని ఆమె అనుకుంది.

“అవును. మీకూ శ్రమ తప్పుతుంది,” అంది.

“అవునవును.”

ఇద్దరూ ఒప్పేసుకున్నారు. ప్రపంచంలో ఇంత తేలిగ్గా, ఇంత దిక్కుమాలిన విధంగా కుదిరిన ఒప్పందం ఇంకొకటి ఉండదు.

కొత్త కంప్యూటర్ వచ్చిన రోజున అతనే వచ్చి పాత డిజైన్లన్నీ అందులోకి ఎక్కించాడు. ప్రతి పువ్వూ తెరిచి, రేకు రేకూ సరిచూసి, “అన్నీ వచ్చేశాయండీ” అన్నాడు. ఒక్కటైనా రాకపోతే బాగుండునని పిచ్చుక మొక్కుకుంది. దేవుడు కూడా కొత్తరకం వైపే ఉన్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. పిచ్చుక తలుపు పట్టుకుని నిలబడింది. “వస్తానండీ,” అన్నాడు. రావడానికి ఇక కారణం లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత ఆ ఇంట్లో కంప్యూటర్ అద్భుతంగా పనిచేసింది.

చప్పుడు లేదు, వేడి లేదు. పిచ్చుక కావాలని డిజైన్లన్నీ ఒకేసారి తెరిచింది, కిక్కురుమనకుండా తెరుచుకున్నాయి. రోజంతా ఆపకుండా ఉంచింది. చల్లగా నవ్వినట్టు వెలుగుతూనే ఉంది. ఆపేస్తే మాత్రం నల్లటి తెర మీద ఒక్క మొహమే కనిపించేది, అదీ ఏడుపు మొహం. అందుకని ఆపడం మానేసింది.

పెద్ద ఆర్డరు అనుకున్న గడువుకన్నా ముందే పూర్తయింది. మేనేజరమ్మ మెచ్చుకుంది. పిచ్చుక ‘థాంక్సండీ’ అని ఫోన్ పెట్టేసి, బల్లమీద తల వాల్చింది. అన్నం సయించడం లేదు. కుట్టిన గులాబీ ఆకుపచ్చగా వచ్చింది, ఆకు ఎర్రగా వచ్చింది. తప్పు కంప్యూటర్‌ది కాదు. దాని తప్పు ఏనాడైనా ఉంటేగా!

“ఇది కొత్త కంప్యూటర్ వచ్చిన ఇల్లా, ఎవరైనా పోయిన ఇల్లా?” వదిన గ్లాసుతో నీళ్లు పట్టుకుని వచ్చింది. “చెప్పు, దీనిమీద పొయ్యనా?”

పిచ్చుక కంప్యూటర్‌ను రెండు చేతులా వాటేసుకుంది. “వద్దు వదినా! అదేం చేసింది పాపం!”

“మరి? ఏదైనా చెడిపోతే తప్ప ఆ అబ్బాయిని చూడకూడదని రూలేమైనా ఉందా?”

పిచ్చుక బిక్కచచ్చిపోయింది. “నీకెలా తెలుసు?”

“వీధంతా తెలుసు. తెలియంది మీ అన్నయ్యకీ, ఆ అబ్బాయికీ.”

“అతనికి ఇష్టం లేదు వదినా. ఉంటే మారమని ఎందుకు చెబుతాడు? తన చేత్తో తనే దారి మూసేసుకుని వెళ్లాడు.”

“నీకు ఏది మంచిదో అది చెప్పాడు. తనకు ఏది మంచిదో నువ్వడిగావా?” వదిన గ్లాసు ఆమె చేతిలోనే పెట్టింది. “తాగు. తాగి బయల్దేరు. ఆ షాపుదాకా నడవడానికి కూడా సాఫ్ట్‌వేర్ కావాలా నీకు?”

షాపు షట్టరు సగం దించి ఉంది. మూసేశాడేమో, ఊరే వదిలి వెళ్లిపోయాడేమో అనుకుంటూ పిచ్చుక గబగబా దగ్గరికి వెళ్లింది. ఇంటినుంచి మోసుకొచ్చిన కంప్యూటర్‌ను గుండెలకు హత్తుకుని వంగి చూసింది. లోపల దీపం కింద అతను ఉన్నాడు. గడ్డం పెరిగింది. రెండు వేళ్లకు ప్లాస్టర్లు.

ఆమెను చూసి గబుక్కున లేచాడు. “అయ్యో, చెడిపోయిందా?”

ఆ ‘అయ్యో’లో ఎంత ఆశ ఉందో!

“లేదు. బాగా పనిచేస్తోంది.”

“మరి?”

“అదే కంప్లైంట్.”

 తను ఏం మాట్లాడిందో తనకే వినిపించి పిచ్చుక సిగ్గుతో చచ్చిపోతూ చూపు పక్కకు తిప్పింది. బల్లమీద ఇంకో కంప్యూటర్ విప్పి ఉంది. సరిగ్గా తన రకమే. అద్దం పగిలి, జిగురు తీగలు సాగి, లోపలి పేగులన్నీ బయటపెట్టుకుని దీనంగా పడి ఉంది.

“ఇదెవరిది?”

“ఎవరిదీ కాదు. పాడైపోయినదొకటి దొరికితే తెచ్చుకున్నా.” అతను ప్లాస్టర్ల చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు. “విప్పడం నేర్చుకుంటున్నా.”

“మీ చేతిలో పని కాదన్నారుగా?”

“కాదు. ఇప్పటికి మూత ఒక్కటే తియ్యగలిగాను, అదీ పగిలింది.” పగిలిన అద్దాన్ని పక్కకు జరిపాడు. “మీది కూడా ఎప్పుడో ఒకప్పుడు చెడిపోవాలి కదండీ. అప్పటికి నేర్చుకుని ఉంటే...”

“అది చాలా ఏళ్లు వస్తుందట!”

“తెలుసు. ఆగిపోదని నేనే కదా చెప్పాను.”

“అన్నేళ్లూ ఆగేవారా?”

“ఏం చెయ్యమంటారు? ఇంకో దారి తెలీలేదు.”

ఇన్నాళ్లూ తనొక్కతే మునిగిపోతున్నాననుకుంది. పక్కనే ఇంకొకరు, ఇంతకన్నా లోతులో, వేళ్లు కోసుకుంటూ మునుగుతున్నారు. పిచ్చుకకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

“ఆదివారం అన్నయ్య ఇంట్లోనే ఉంటాడు. రండి.”

“తప్పకుండా. సంచీ తీసుకుని పొద్దున్నే...”

“సంచీ వద్దు.”

“సంచీ లేకుండా వస్తే,” అతను కంగారుపడ్డాడు, “మీ అన్నయ్య ఏం పని మీద వచ్చావంటే ఏం చెప్పను?”

పిచ్చుక కళ్లు తుడుచుకుంది.

“ఏం చెప్పొద్దు. నన్ను చూపించండి.”