కిటికీ పక్క సీటు

సాయంత్రం ఐదూ నలభైకి హ్యూ స్టేషను గేటు దగ్గర లియెన్ రెండు టికెట్లు చూపించి, ఒక్కతే లోపలికి వెళ్ళింది.

గేటు మనిషి రెండో టికెట్టు అటూ ఇటూ తిప్పాడు. ఆమె చేతిలో అగరొత్తులు గుచ్చిన ఇసుక గిన్నె చూశాడు. టికెట్లు తిరిగిచ్చి పక్కకి జరిగాడు.

దనాంగ్ వెళ్ళే బండి అది. ఆ దారిలో సముద్రం చూడడానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. కానీ కనుమ నడిమధ్య, రెండు సొరంగాల నడుమ, ఒక చిన్న స్టేషనుంది. దానికి మంచి పేరు లేదు. అక్కడ ఎవరూ ఎక్కరు, దిగరు. ఎదురు బండి కోసం ఆగడమే. అయినా చీకటి పడ్డాక ఆగిన బండికి ఒక్కోసారి ఏదో ఒక తలుపు తెరిచి ఉంటుంది... గడియ వేసిన తలుపే.

దూరాన చనిపోయినవాళ్ళ ఆత్మల్ని ఇంటికి తీసుకెళ్ళేటప్పుడు, తోడున్నవాళ్ళు దారి చెప్పడం మానేస్తే, వాళ్ళు అక్కడ దిగిపోతారని రైలు పనివాళ్ళు అంటారు. కింద దనాంగ్ దీపాలు మొదటిసారి కనబడేది అక్కడే. ఇల్లు వచ్చిందనుకుంటారు.

లియెన్ భర్త థాచ్ హ్యూ ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని వ్యానులో ఇంటికి, దనాంగ్‌కి, తెచ్చిన మరిది దారంతా నిద్రపోయాడు. ఒక్క వంతెన దగ్గర కూడా “వంతెన దాటుతున్నాం, రా అన్నా” అని చెప్పలేదు. మనిషిని పూడ్చారు గానీ ఆత్మ ఆస్పత్రి వరండాలోనే కూర్చుని ఉందని గుడి పెద్దావిడ చెప్పింది. ఆయన పోయి రేపటికి నలభై తొమ్మిదో రోజు. రేపటి విస్తరికి ఇల్లు చేరకపోతే, దారిపక్క జనం పోసే గంజి కోసం తిరిగే దిక్కులేని ఆత్మల్లో కలిసిపోతాడు.

అందుకే రెండో టికెట్టు. వరండాలో ఆయన్ని పిలిచి, వెంట రమ్మని చెప్పి తీసుకొచ్చింది. ఎడమవైపు కిటికీ సీటు ఆయనకిచ్చింది, సముద్రం కనబడాలని. ముప్ఫయ్యేళ్ళు పడవ ఇంజన్లు బాగుచేసిన మనిషి. సీటు మీద టికెట్టు పెట్టింది. కింద ఆయన చెప్పులు పెట్టింది, ఆస్పత్రివాళ్ళు సంచిలో వేసి ఇచ్చినవి. పక్కన తను కూర్చుంది.

టీ బండి తోసుకుంటూ ముయ్ వచ్చింది. ఆ లైన్లో పదేళ్ళుగా తిరుగుతున్న మనిషి.

“ఈ సీటు ఖాళీయేనా అక్కా? సంచి పెట్టుకుంటా.”

“మా ఆయన కూర్చున్నాడు.”

ముయ్ చెప్పుల వైపు చూసింది. సంచి వెనక్కి తీసుకుంది. “గుడ్డు తింటాడా మరి? ఉడకబెట్టి గంటే అయింది.”

“ఉప్పు ఎక్కువ అడుగుతాడు.”

“మగాళ్ళంతా అంతే. పోయినా బుద్ధి పోదు.” రెండు గ్లాసుల్లో టీ పోసి, వెళ్తూ గొంతు తగ్గించింది. “ఆ స్టేషన్లో మాత్రం మాట ఆపకు అక్కా.”

వెలుతురు పోయే వేళకి ఉప్పుటేరు కనబడింది. జనం ఫోన్లు పట్టుకుని కిటికీల దగ్గరికి చేరారు. తర్వాత కొండ మొదలైంది. నీళ్ళు కిందికి జారి, నల్లబడి, అద్దాల్లో మొహాలే మిగిలాయి. లియెన్ పక్క అద్దంలో ఒక మొహమే ఉంది. తనదే.

“ఏవయ్యా, వంతెన. నా వెంటే రా.”

చక్రాల చప్పుడు మారింది.

“ఏవయ్యా, సొరంగం. చీకటి కాసేపే.”

అలా ఒక్కోటీ చెప్పుకుంటూ వచ్చింది. ముందు సీటు కుర్రది ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ చెవుల్లో పాటలు పెట్టుకుంది.

బండి ఆగింది. ఇంజను చప్పుడు కూడా తగ్గింది. ఒక దీపం, తడిసిన ప్లాట్‌ఫారం. చాలా కింద, సముద్రం మలుపులో, దనాంగ్ దీపాలు...

“ఇది మన ఊరు కాదు,” అంది లియెన్. “దిగకు. ఇంకో గంట ఉంది. వింటున్నావా?”

వింటున్నావా — ఆ మాట అన్నాకే ఆమెకి గుర్తొచ్చింది.

థాచ్‌కి కుడి చెవి వినబడదు. ఇరవయ్యేళ్ళ కిందట ఇంజను పేలి ఆ చెవి పోయింది. అప్పట్నించీ ఆమె నడిచింది ఎడమ పక్కన. పడుకున్నది ఎడమ పక్కన. ఇవాళ సముద్రం చూపిద్దామనే ఆత్రంలో ఆయన్ని కిటికీ వైపు పెట్టి, తను కుడి పక్కన కూర్చుంది. వంతెనలూ సొరంగాలూ అన్నీ చెవిటి చెవిలో చెప్పింది.

పెట్టె చివరి నుంచి చల్లగాలి వచ్చింది. ఉప్పు వాసన.

తలుపు తెరుచుకుంది.

ఎవరూ లేచినట్టు లేదు. ఎవరూ నడిచినట్టు లేదు. చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి. ఆమె లేచి చూడబోయి ఆగిపోయింది. ఆయన ఇంకా సీట్లోనే ఉంటే తను లేచిపోవడం తప్పు. దిగిపోయి ఉంటే ఇక్కడ కూర్చోవడం తప్పు.

“ఇటు జరుగు,” అంది చివరికి. కిటికీ వైపుకి తను జరిగింది. తన సీటు ఆయనకి వదిలింది. ఖాళీలోకి వంగి, ఎడమ చెవి ఎంత ఎత్తులో ఉండేదో అక్కడ నోరు పెట్టి, మొదటి వంతెన నుంచీ మళ్ళీ మొదలుపెట్టింది.

ఎదురు బండి వెళ్ళిపోయింది. చివర తలుపు ధడాలున మూసుకుంది. బండి కదిలింది.

ఎనిమిదిన్నరకి దనాంగ్. మోటారు సైకిళ్ళ హారన్లు, “ఎక్కడికమ్మా, ఎక్కు” అని చేతులు పట్టే వాళ్ళు, నూనె పొగలు, ఎవరి కోసమో వచ్చిన ఎవరెవరో. ఆమె ఇసుక గిన్నె పట్టుకుని ఆ గుంపులోంచి నడిచింది, కుడివైపు ఒక మనిషికి చోటు వదిలి.

మర్నాడు విస్తరి పెట్టింది. ఉప్పు ఎక్కువే వేసింది. అగరొత్తులు అందరిళ్ళలో కాలినట్టే కాలాయి. ఆయన వచ్చాడో లేదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. ఆమె ఎవరినీ అడగలేదు. రాత్రుళ్ళు మంచం కుడి సగం ఖాళీగా వదిలి పడుకునేది.

పదకొండు రోజుల తర్వాత స్టేషను ఎదురుగా కూరలు కొంటుంటే ముయ్ కనబడింది. కాళ్ళు నొప్పులనీ, కొత్త సూపర్‌వైజరు రాక్షసుడనీ, చెప్పుకుపోయింది.

“ఆ రోజు కూడా చూడు, మీ పెట్టె తలుపు నేనే వేశాను. నా టీ బండి వదిలేసి పరుగెత్తుకొచ్చి. మెట్టు మీద ఒకాయన, చెప్పుల్లేవు కాళ్ళకి, దీపాలు చూస్తూ నిలబడ్డాడు. దనాంగ్ ఇంకా రాలేదయ్యా, లోపలికి పో అని పక్కన నిలబడి నాలుగుసార్లు చెప్పా. ఉలకడు, పలకడు.”

లియెన్ చేతిలో ఆకుకూర కట్ట అలాగే ఉంది.

“మరి?”

“ఏముంది, చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వెళ్ళి చెప్పా. అప్పుడు విని లోపలికి వెళ్ళాడు.”