సైడ్ ప్యానెల్‌లో తుమ్మెద

"మీ బండిలో తుమ్మెదను పెంచుతున్నారా?"

ఉర్లాలో మా ఫ్యాక్టరీ పార్కింగ్ దగ్గర ఫణిశ్రీ నాతో అన్న మొదటి మాట అది.

నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే, మోటార్‌సైకిల్ కొన్నదీ నేనే. నాన్న రామయ్య విజయనగరం నుంచి ఈ హిందీ ఊరికొచ్చి, రైల్వే గ్యాంగులో పట్టాల వెంట నడిచి నడిచి రిటైరయ్యాడు.

"కొత్త బండండీ," అన్నాను.

"కొత్తదైతే మోగదా? స్కూటీ మీద మీ వెనకే వచ్చాను. గేరు మార్చే ముందు ప్రతిసారీ జుయ్‌మంటోంది."

"అన్నీ బిగించాను. మెకానిక్కూ బిగించాడు."

"అరే, అన్నీ బిగిస్తే ఎలా? మోగేదేదో ముందు పట్టుకోవాలి కదా!"

ఆమె మెయింటెనెన్స్ ఇంజినీరు. స్క్రూడ్రైవర్ కొనను మిషను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటుంది. లోపల ఏ బేరింగు పోతోందో చెప్పేస్తుంది. నేను పనిచేసే క్వాలిటీ ల్యాబ్ నుంచి శాంపిల్ కోసం వెళ్ళి, ఆ మూసిన కళ్ళనే చూస్తూ శాంపిల్ మర్చిపోయి వచ్చిన రోజులున్నాయి నాకు.

టీ టైములో మా ఇద్దరికీ బండి చప్పుడు వెతకడమే పని. లెగ్‌గార్డుకి రబ్బరు వాషరు వేసింది. నంబర్ ప్లేటు వెనక స్పాంజి పెట్టింది. చప్పుడు పోలేదు. పోవాలని నాకూ లేదు.

వానలు మొదలయ్యాక ఉండబట్టలేక పెళ్ళి మాట అడిగేశాను.

"నాకిష్టమే ధనుంజయ్ గారూ. కానీ మీ అమ్మగారు మనసారా రమ్మంటేనే వస్తాను."

అమ్మ పేరు పైడమ్మ. విషయం చెబితే మూతి తిప్పింది. "దేవేంద్ర నగర్ డబ్బున్నోళ్ళ పిల్ల. స్పానర్లు పట్టుకుంటాదట. మన అమ్మోరంటే దానికి లెక్కుంటాదేటిరా? ఆదివారం తే, సూస్తాను."

అమ్మ కాదంటే చేసుకునేవాణ్ణి కాదు నేను. అది ఫణిశ్రీకీ తెలుసు.

ఆదివారం బండెక్కగానే, "ముందు అభన్‌పూర్ రోడ్డుకి పోనివ్వండి. ఈ తుమ్మెదతో మీ అమ్మగారి ముందు దిగను," అంది.

అప్పుడే వాన వెలిసింది. రోడ్డు ఖాళీగా ఉంది.

"జుయ్‌మనగానే అదే స్పీడులో ఉంచండి. ఒక్కోటీ నేను చేత్తో నొక్కుతాను. ఏది నొక్కితే ఆగుతుందో అదే దొంగ."

వెనక కమ్మీ నొక్కింది. జుయ్. సీటు అంచు నొక్కింది. జుయ్. నా మోకాలి వెనక సైడ్ ప్యానెల్ మీద అరచెయ్యి ఆనించింది.

నిశ్శబ్దం.

"ఆపండి, ఆపండి! దొరికింది!"

ప్యానెల్ విప్పితే లోపల కుంకుమ బొట్టుతో చిన్న రాగి రేకు. టేపు వేడికి ఊడి, ఒక అంచు కొట్టుకుంటోంది. విజయనగరం పైడితల్లమ్మ గుడి నుంచి అమ్మ తెచ్చిన రేకు. బండి పూజ రోజు నాకు చెప్పకుండా అంటించినట్టుంది.

"ఇన్నాళ్ళూ ఇదా!" అంటూ పీకబోయాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "తీయకండి. అమ్మవారిని దించేయడం దేనికి? మోగకుండా కూర్చోబెడితే చాలు."

పక్కన పంక్చర్ షాపులో, "భైయా, ట్యూబ్ కా ఛోటా టుకడా దేనా," అని హిందీలో అడిగి చిన్న ట్యూబు ముక్క తెచ్చింది. రేకు అంచుల చుట్టూ రబ్బరు తొడిగి, కుంకుమకు వేలు తగలకుండా మళ్ళీ అక్కడే అంటించింది. పెద్ద పెద్ద మిషన్ల దగ్గర ఉండే శ్రద్ధే ఆ వేళ్ళలో ఇక్కడా ఉంది. నేను చూస్తూ నిలబడిపోయాను.

బీర్‌గావ్‌లో మా సందులోకి బండి చప్పుడు లేకుండా వెళ్ళింది. అమ్మ కంగారుగా బయటికొచ్చింది.

"ఏట్రా, పిల్లిలా వొచ్చినావు? సందు మలుపులో జుయ్‌మంటేనే కదా నాను టీ పెడతాను!" చూపు సైడ్ ప్యానెల్ మీద పడింది. ముఖం మారిపోయింది. "తీసీసినావా?"

నేను నోరు తెరిచేలోపే ఫణిశ్రీ బ్యాగులోంచి స్క్రూడ్రైవర్ తీసి కింద కూర్చుంది. ప్యానెల్ విప్పింది.

"అక్కడే ఉందండీ. చూడండి."

అమ్మ వంగి చూసింది. రబ్బరు అంచును వేలితో తడిమింది.

"కుంకం కూడా సెదరనీలేదు," అంది మెల్లగా. తర్వాత ఫణిశ్రీ వైపు తిరిగింది. "మరి రేపట్నుంచి ఈడొచ్చేడని నాకెలాగ తెలుస్తాదే పిల్లా?"

"నేను హారన్ కొడతానండీ."

"ఎనకాల కూకున్నోళ్ళకి హారన్ అందుతాదేటి?"

"బండి నేనే నడుపుతాను. ఈయన వెనక కూర్చుంటారు."

అమ్మ పకపకా నవ్వింది. ఫణిశ్రీ చెయ్యి పట్టుకుని లేపింది. "అండీ గిండీ ఏటి, అత్తా అను. పద లోపలికి."

గుమ్మంలో ఆగి నాకేసి చూసింది.

"సప్పుడు లేదని టీ పెట్టలేదు. ఒరే ధనుంజయ్, పోయి నువ్వే పెట్టు. మాయిద్దరికీ మాటలున్నాయి."