కాలిన గుట్ట మీద గునుగు

పాపన్నపేట దారిలో షేర్ ఆటో నడిపే ఉదయ్ కుమార్ నోరు తెరిస్తే కోతలే. తన ఆటోలో ఓ పెళ్లి జనమంతా వంట గిన్నెలతో సహా ఎక్కారనీ, దారిలోనే బంతులు వేసి వడ్డించారనీ చెబుతాడు. విన్నవాళ్లు కూరలేంటని అడుగుతారు గానీ, నిజమేనా అని అడగరు.

అంతటివాడికీ సృజన ఆటో ఎక్కితే నాలుక మడతపడేది. మొక్కల మీద రీసెర్చ్ చేస్తున్న సృజన రోజూ మెదక్‌లో ఎక్కి, మొన్న ఎండాకాలం తగలబడిన గుట్ట దగ్గర దిగేది. వానలు పడ్డాక ఆ గుట్ట నిండా తెల్లగా గునుగు పూసింది. అందులో కొంత జాగాకు సృజన చుట్టూ తాడు కట్టుకుంది. ఎందుకని అడిగే ధైర్యం లేక, ఉదయ్ తనే ఒక జవాబు ఊహించుకున్నాడు.

బతుకమ్మ పండుగ మొదలయ్యే రోజు పొద్దున్నే, సృజన గుమ్మంలో గోనెసంచి దించాడు.

"ఏందిది?"

"గునుగు, మేడం. పండుగకని మీరు తాడు కట్టి ఆపుకున్నదే. వేరేటోళ్లు కోస్కపోతరని నేనే కోస్కొచ్చిన."

"అంతానా?"

"ఒక్క పువ్వు సుత ఇడువలే."

సృజన మెట్టు మీద కూలబడింది. "పండుగకు గాదు ఉదయ్. కాలినంక గా జాగల ముందు ఏది మొలుస్తది, ఎనక ఏదొస్తదని చూస్తున్న. గా జాగల ఈ యేడు పనంత పాయె."

లోపలి నుంచి ఆమె అత్త ఆగమ్మ వచ్చి సంచి వైపు చూసింది. "మా ఇంట్ల బతుకమ్మ పేర్వక రెండేండ్లాయె, బిడ్డా."

ఆమె వెనక గోడ మీద దండ వేసిన ఫోటోలో ఓ యువకుడు నవ్వుతున్నాడు. ఆగమ్మ కొడుకు. సృజన భర్త. ఉదయ్‌కు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

గుట్ట అవతలి పక్క తాడు కట్టిన ఇంకో ముక్క మిగిలింది. పండుగ రోజులన్నీ దానికి ఉదయే కాపలా. పూలకొచ్చిన ఆడవాళ్లను చిరుతపులి పేరు చెప్పి తరిమేశాడు.

"గునుగు తెంపినోళ్లనే పడ్తదంట," అన్నాడు సృజనతో.

"మరి నిన్నెందుకు పట్టలే?"

"పట్టనీకే వచ్చింది. జర ఆటో తొయ్యమన్న. గంతే, ఉరికింది."

సృజన పకపకా నవ్వింది. నవ్వి, ఏదో తప్పు చేసినదానిలా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చూశాక ఉదయ్‌కు ఆ పూట మరో కోత రాలేదు.

సన్నగా వాన మొదలైతే ఇద్దరూ ఆటోలో కూర్చున్నారు.

"మళ్ల గా పాత అడివే వస్తదా?" అడిగాడు.

"అడివొస్తది. పాతది గాదు. ముందు గడ్డి, గునుగు. ఎనక తంగేడు. తునికి చెట్టు మొద్దు కాలినా వేరు సావదు, పక్కల నుంచి చిగురేస్తది. చెట్లు పెరిగి నీడ కమ్మితే ఇంక గునుగు ఉండదు."

"నేను ఉండేటోన్ని, సృజనా. నువ్వు ఉండనిస్తే."

మేడం అనలేదని ఇద్దరికీ తెలిసింది. సృజన గుట్ట మీద నల్లగా కాలిన మొద్దుల వైపు చూసింది. "అత్తమ్మకు నేను దప్ప ఎవ్వరు లేరు, ఉదయ్," అంది.

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు పొద్దున ఆగమ్మ ఒక్కతే వచ్చి ఆటో ఎక్కింది.

"యాడికమ్మా?"

"యాడికి గాదు. జరసేపు తిప్పు."

కొంతదూరం పోయాక అడిగింది. "మా కోడల్ని అడిగినవంట గద."

"అడిగిన. నిన్ను ఇడిచిపెట్టి రానన్నది. నువ్వు గూడ మా ఇంట్లనే ఉండు, అమ్మా."

"నేనుండరాదు బిడ్డా. పొద్దుగాల లేస్తే నా మొకమే జూస్తది. నా కొడుకు అచ్చం నా పోలికనే."

ఉదయ్ ఆటో పక్కకు ఆపాడు. వెనక్కి తిరిగి చూడలేకపోయాడు.

"నువ్వొచ్చినంకనే దాని నవ్వు ఇన్న. మంచిగ జూస్కో. గిదే నేను చెప్పొచ్చింది. ఇంటికి తోల్కపో."

సాయంత్రం ఆగమ్మ తన చేతులతోనే పూలతో బతుకమ్మను పేర్చింది. చెరువుకు పోయేందుకు ఆటోలో కూర్చున్న సృజన ఒడిలో పెట్టింది. సృజన కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అత్తమ్మ ఒప్పుకున్నది," అంది ఉదయ్‌తో, తల ఎత్తకుండా. "నేను సుత."

మళ్లీ అత్త వైపు తిరిగింది. "నువ్వు రావా, అత్తమ్మా?"

"నడువుండ్రి. నాకు ఇంట్ల పనున్నది."

ఇంట్లో ఏ పనీ లేదని ముగ్గురికీ తెలుసు. సృజన దిగబోయింది. ఆగమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది.

"మెల్లగ పోనియ్యి, కొడకా," అంది. "పూలు రాలుతయ్."